‘ఆ ఐపీ ఎవరిది?’

పోయిన వారం మా జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. ఒక అమ్మాయి పేరుతో నకిలీ ఖాతా తెరిచి ఆమెను వేధించిన కేసు అది. వార్త చివర ‘ఐపీ అడ్రస్ ఆధారంగా నిందితుణ్ణి గుర్తించారు’ అని రాశారు. ఇలాంటి వాక్యం మీరూ ఎన్నోసార్లు చదివి ఉంటారు. పట్టుబడినవాడే దోషి కావచ్చు, అందులో నాకు పేచీ లేదు. నా పేచీ ‘ఆధారంగా’ అన్న మాటతో. వేలిముద్ర ఆధారంగా అన్నంత నిబ్బరంగా ఆ మాట అక్కడ కూర్చుంది. ఐపీ అడ్రస్ అంటే ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామా. అది చెప్పగలిగింది ఉత్తరాన్ని ఏ గుమ్మానికి చేర్చాలో మాత్రమే. ఆ గుమ్మం లోపల ఉత్తరం రాసింది ఎవరో చెప్పడానికి దాన్ని ఎవరూ తయారు చేయలేదు. ఈ తేడా నా ఉద్యోగంలో మొదటి పాఠం. అయినా ఒకసారి నేనే దాన్ని మరిచిపోయాను.

14:10

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసుకుంటాను. కొన్నేళ్ల కిందట ఒక బెదిరింపు మెయిల్ విషయమై మాకు పోలీసు లేఖ వచ్చింది. అందులో ఒక ఐపీ, ఒక తేదీ, 14:10 అన్న సమయం ఉన్నాయి. ‘సదరు సమయంలో సదరు ఐపీని వాడిన వ్యక్తి వివరాలు తెలుపగలరు’ అని అడిగారు. ఐపీ మాదే. అబ్బాయిల హాస్టల్ మొత్తం ఆ ఒక్క ఐపీ మీదుగానే బయటి ప్రపంచంతో మాట్లాడుతుంది. ప్రిన్సిపాల్ గారు ఆ సాయంత్రానికల్లా జవాబు కావాలన్నారు.

మా నెట్‌వర్క్ రాకపోకలన్నీ నమోదయ్యే ఫైర్‌వాల్ లాగ్ తీశాను. ఆ రోజు మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఆ మెయిల్ సర్వీసుతో మాట్లాడుతున్న పరికరం హాస్టల్ మొత్తంలో ఒక్కటే కనిపించింది. అది ఏ లాగిన్ మీద ఉందో చూశాను. మూడో సంవత్సరం కుర్రాడి పేరు వచ్చింది. అంత తేలిగ్గా దొరికినందుకు నాకు అనుమానం రావాల్సింది. అనుమానానికి బదులు నా పని నేను బాగా చేశానన్న తృప్తి కలిగింది. పేరు, రోల్ నంబరు రాసి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి తండ్రి మార్కాపురం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చారు. ఆయన పలకల క్వారీలో పనిచేసే మనిషి. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చున్నవారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ‘సార్, ఐపీ అంటే ఏంది సార్? దాంట్లో మావోడి పేరు రాసుంటదా?’ అని అడిగారు. ‘పేరు ఉండదండీ, నంబరు ఉంటుంది’ అన్నాను. ‘మరి నంబరు మావోడిదేనని ఎట్టా చెప్పినారు సార్?’ అన్నారాయన. చెప్పబోయి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయాను. ఆయన అడిగినంత సూటిగా నన్ను నేను ప్రశ్నించుకోలేదని అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి లేఖను మళ్లీ తీశాను. లేఖ వెనక మెయిల్ సంస్థ ఇచ్చిన ప్రింటు జతచేసి ఉంది. దాని పైవరుసలో, సమయం గడి పక్కన, ‘యూటీసీ’ అని మూడక్షరాలు ఉన్నాయి. లేఖలోకి ఎక్కించినప్పుడు ఆ మూడక్షరాలు రాలిపోయాయి, నేను వెనక కాగితం తిప్పి చూడలేదు. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకున్న ఉమ్మడి సమయం. యూటీసీ 14:10 అంటే మనకు 5 గంటల 30 నిమిషాలు కలుపుకొని రాత్రి 7 గంటల 40 నిమిషాలు. నేను వెతికిన మధ్యాహ్నం వేళ అందరూ క్లాసుల్లో ఉన్నారు, ఆ అబ్బాయి ఒక్కడే జ్వరంతో గదిలో పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అసలు సమయానికి లాగ్‌లో చూస్తే అదే మెయిల్ సర్వీసుతో 61 పరికరాలు మాట్లాడుతున్నాయి. వాటిలో ఏదని తేల్చాలంటే పోర్ట్ నంబరు, అంటే ఒకే ఐపీ మీదుగా వెళ్లే ఒక్కో సంభాషణను వేరుచేసే అంకె, కావాలి. ఆ నంబరు మెయిల్ సంస్థ ఇవ్వలేదు. అంటే నిజమైన జవాబు ‘చెప్పలేం’. నేను రాసిచ్చిన జవాబు ఒక పేరు.

పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి సవరణ లేఖ ఇచ్చాను. అక్కడి ఎస్సై గారు ఓపికగా విని తీసుకున్నారు, కుర్రాడి మీదకు ఇంకేమీ రాలేదు. అయినా రెండు రోజుల పాటు హాస్టల్లో ఆ అబ్బాయిని అందరూ చూసిన చూపు నేను సవరించగలిగింది కాదు.

ఇది నా ఒక్కడి అజాగ్రత్త అనుకుందామంటే అంతకంటే ఘోరమైనవి ఉన్నాయి. 2007లో అప్పటి సోషల్ మీడియా సైటు ఆర్కుట్‌లో శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ ఆ ఐపీ ఆయనదని చెప్పింది, తర్వాత ఆ వివరం తప్పని తేలింది. ఈలోగా ఆయన దాదాపు 50 రోజులు జైల్లో ఉన్నారు. ఒక సంస్థ ఒక కాగితం మీద రాసిచ్చిన ఒక వరుస అది. ఆ వార్త నేను అప్పట్లోనే చదివాను. చదివి కూడా నా వంతు వచ్చేసరికి అలాంటి వరుసే రాసిచ్చాను.

కేరాఫ్

మా నాన్నగారు చదువుకునే రోజుల్లో హాస్టల్ పిల్లలకు ఉత్తరాలన్నీ కేరాఫ్ వార్డెన్ పేరు మీద వచ్చేవట. పోస్ట్‌మాన్‌కు తెలిసింది వార్డెన్ గది ఒక్కటే; ఏ ఉత్తరం ఏ గదికి వెళ్లాలో చూసుకునేది వార్డెన్. ఇవాళ మన ఇళ్లలో, కాలేజీల్లో, ఫోన్లలో నడుస్తున్న నాట్ అనే ఏర్పాటు, అంటే చాలా పరికరాలు ఒకే ఐపీని పంచుకోవడం, అచ్చంగా ఈ కేరాఫ్ పద్ధతే. ఇది రావడానికి కారణం కొరత. ఐపీ నాలుగో వెర్షన్‌లో చిరునామాకు 32 బిట్లు పెట్టారు కాబట్టి మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభాకు తలకొకటి కూడా రావు. 1994లో నాట్‌ను తాత్కాలిక ఉపాయంగా ప్రతిపాదించారు. 1996లో 10తోనూ, 192.168తోనూ మొదలయ్యే చిరునామాలు మొదలైనవాటిని ఎవరి ఇంట్లో వారు వాడుకోండని వదిలేశారు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వ అయిపోయింది, ఏప్రిల్ వచ్చేసరికి మన ఆసియా పసిఫిక్ వాటా కూడా అడుగంటింది.

మన దేశంలో జనం మొబైల్ ఇంటర్నెట్‌లోకి వెల్లువగా వచ్చింది ఆ తర్వాతే. అంటే మనం పంక్తిలో కూర్చునేసరికి గిన్నెలు ఖాళీ అయ్యాయి. అందుకే మన ఇంటర్నెట్ సంస్థలు ఇంటి కేరాఫ్ పైన ఇంకో పెద్ద కేరాఫ్ పెట్టుకున్నాయి. బయటి ప్రపంచానికి కనిపించే ఒక్క పబ్లిక్ ఐపీ వెనక వందల ఇళ్లను కూర్చోబెట్టే ఈ పద్ధతి కోసమే 2012లో 100.64 నుంచి మొదలయ్యే 41 లక్షల పైచిలుకు చిరునామాలను విడిగా కేటాయించారు. మీ ఇంటి రౌటర్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే, మీరు వార్డెన్ గది వెనక ఇంకో వార్డెన్ గదిలో ఉన్నారన్నమాట.

ఈ ఏర్పాటులో ఐపీ ఒక్కటే చెప్పి ‘ఎవరిది?’ అని అడగడం, కేరాఫ్ వార్డెన్ అని ఉన్న కవరు చూపించి రాసింది ఎవరని అడగడమే. జవాబుకు దగ్గరగా వెళ్లాలంటే పోర్ట్ నంబరు, సెకను వరకు కచ్చితమైన సమయం, అది ఏ దేశపు గడియారం అన్న వివరం ఉండి తీరాలి. పోర్ట్ నంబర్లను కూడా లాగ్‌లో రాసి పెట్టుకోండని సర్వర్లు నడిపేవారికి 2011లోనే సిఫారసు వెలువడింది. పాటించేవాళ్లు ఇప్పటికీ అంతంతమాత్రమే అన్నది నా టేబుల్ మీదకు వచ్చే లేఖలను బట్టి తెలుస్తుంది. లాగ్‌లను 180 రోజులు దాచాలని, గడియారాలను ప్రభుత్వ సమయ సర్వర్లతో సరిచూసుకోవాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. సమయం మీద పెట్టిన ఆ శ్రద్ధ నాకు చాలా సబబుగా తోచింది. గడియారం ఎంత సరిగ్గా నడిచినా, దాని పక్కన యూటీసీ అని రాయకపోతే ఐదున్నర గంటలు ఎటు పోతాయో నేను చూశాను.

చిరునామాను మనిషిగా చదివే అలవాటు వల్ల ఎంత దూరం వెళ్లవచ్చో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక పల్లె ఇల్లు చెబుతుంది. మ్యాక్స్‌మైండ్ అనే సంస్థ ఐపీని బట్టి ఊరు చెప్పే పట్టికలు అమ్ముతుంది. ఒక ఐపీ అమెరికాలోదని తెలిసి అంతకుమించి తెలియనప్పుడు, ఆ సంస్థ 2002లో దేశం నడిమధ్య ఒక బిందువును ఎంచుకొని, అంకెలను గుండ్రంగా చేసి 38 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పశ్చిమం అని పెట్టింది. ఆ బిందువు పోట్‌విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒకరి పొలంలో పడింది. సుమారు 60 కోట్ల ఐపీలు ఆ పొలానికి అంటుకున్నాయి. దొంగిలించిన వస్తువుల కోసం, తప్పిపోయిన వారి కోసం, మోసగాళ్ల కోసం ఏళ్ల తరబడి పోలీసులు, బాధితులు ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో ఒక పత్రికా పరిశోధన వల్ల అసలు సంగతి బయటపడింది. తర్వాత ఆ సంస్థ బిందువును జనం లేని ఒక జలాశయం మధ్యకు జరిపింది. ‘తెలియదు’ అని రాయాల్సిన చోట ఒక చిరునామా రాసిన పాపానికి ఆ ఇంట్లోవాళ్లు అన్నేళ్లు సమాధానం చెప్పుకున్నారు.

ఇంటిపేరు, పిన్‌కోడు

ఒక సమావేశంలో తోటి ఉద్యోగి ఒకరు, ‘ఈ గొడవంతా ఎందుకు, ఐపీ ఆరో వెర్షన్‌లో కావలసినన్ని చిరునామాలున్నాయి కదా, ఆధార్ లాగా పుట్టిన ప్రతి మనిషికి ఒక శాశ్వత ఐపీ ఇచ్చేస్తే సరిపోదా’ అన్నారు. నవ్వి తోసేయదగిన మాట కాదు. ఆరో వెర్షన్‌లో చిరునామాకు 128 బిట్లు ఉన్నాయి, లెక్కకు లోటు లేదు. మన దేశంలో పెద్ద మొబైల్ సంస్థల పుణ్యమా అని ఆరో వెర్షన్ వాడకం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. నేనూ మా కాలేజీలో దాన్ని పెట్టించడానికి పోరాడినవాణ్ణే. అయినా ఆ ప్రతిపాదన తప్పని నా నమ్మకం, అది ఎందుకో నాకు మన పేర్ల వల్లే స్పష్టమైంది.

మన పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. ఐపీ కూడా అలాగే ఉంటుంది. ముందు భాగం ఏ నెట్‌వర్కో చెబుతుంది, వెనక భాగం అందులో ఏ యంత్రమో చెబుతుంది. చూడటానికి ఒకటే వరుస. కానీ తెనాలిలో పుట్టినవాడు డాలస్‌కు వెళ్లినా ఇంటిపేరు వెంటే వెళుతుంది. ఐపీలో ముందు భాగం అలా వెళ్లదు, ఎందుకంటే అది ఇంటిపేరు కాదు, పిన్‌కోడు. ఊరు మారితే పిన్‌కోడు మారాలి, మారకపోతే ఉత్తరం చేరదు. 1981లో ఇంటర్నెట్ తొలి రూపకర్తల్లో ఒకరైన జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ఐపీ ప్రమాణ పత్రంలోనే ఈ సంగతి ఉంది: మనం వెతికేది ఏమిటో పేరు చెబుతుంది, అది ఎక్కడుందో చిరునామా చెబుతుంది, అక్కడికి ఎలా వెళ్లాలో దారి చెబుతుంది. ఈ రోజు ఇంటర్నెట్ వెన్నెముకలోని రౌటర్లు నాలుగో వెర్షన్ కోసం సుమారు పది లక్షల దారులు గుర్తుపెట్టుకుంటున్నాయి. ఒక్కో దారి వందల, వేల చిరునామాల గుంపుకు దారి కాబట్టే అది సాధ్యమవుతోంది. మనిషికొక చిరునామా ఇచ్చి, ఆ మనిషి ఎక్కడికి వెళితే అది అక్కడికి రావాలంటే, ఒక్క మన దేశానికే 140 కోట్ల దారులు కావాలి. అవి మనిషి బస్సెక్కిన ప్రతిసారీ మారుతుండాలి.

సరే, ముందు భాగం మారనిచ్చి వెనక భాగాన్ని శాశ్వతం చేద్దామంటే, అదీ చేసి చూశారు. ఆరో వెర్షన్ తొలి పద్ధతిలో యంత్రం తన మ్యాక్ నంబరునే కొద్దిగా మార్చి చిరునామా వెనక భాగంగా పెట్టుకునేది. మ్యాక్ అంటే నెట్‌వర్క్ కార్డుకు ఫ్యాక్టరీలో వేసే 48 బిట్ల అంకె, అందులో మొదటి సగం తయారీదారు ఎవరో చెబుతుంది. దీంతో ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నా, ఆఫీసులో ఉన్నా, రైల్వే స్టేషన్‌లో ఉన్నా, చిరునామా వెనక సగం మారదు. మీరు తెరిచే ప్రతి సైటుకూ అది తెలుస్తుంది, మీరు ఎప్పుడు ఎక్కడున్నారో వాళ్లు ఒక చోట కూర్చోబెట్టి రాసుకోవచ్చు. ఈ ప్రమాదాన్ని గుర్తించి 2001లోనే తాత్కాలికంగా మారే వెనక భాగాలను ప్రవేశపెట్టారు. ఇప్పుడు మన ఫోన్లు వాడుతున్నది వాటినే.

మ్యాక్ మీద నాకూ ఒకప్పుడు గురి ఉండేది. ప్రతి విద్యార్థి ఫోన్ మ్యాక్ నమోదు చేయించి, అది లేని పరికరానికి వైఫై ఇచ్చేవాణ్ణి కాదు. మొదట కొందరు పక్కవాడి మ్యాక్‌ను తమ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. 2019లో ఆండ్రాయిడ్ 10, మరుసటి ఏడు ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపించసాగాయి. మా దగ్గర నాలుగు బ్లాకులకు నాలుగు వైఫై పేర్లు. ఒకే ఫోన్ నాలుగు పరికరాలుగా కనబడి నా పట్టిక మొత్తం చెదిరిపోయింది. మొదట కోపం వచ్చింది. తర్వాత ఒక మాల్‌లో తిరుగుతూ, మ్యాక్ మారకపోతే ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడ్డానో నా జేబులో ఫోనే చెప్పేసేది కదా అని తోచింది. ఆ ఫోన్ తయారీదారులు చేసింది సరైన పనేనని ఒప్పుకున్నాను. మేము మ్యాక్ నమోదు మానేసి, లాగిన్‌కు మారాం.

పిన్ని ప్రశ్న

ఇంతవరకు చదివినవారిలో ఎవరో ఒకరు, ‘అంటే నేరం చేసినవాణ్ణి వదిలేయమంటావా’ అని అడుగుతారని తెలుసు. నన్ను ఆ మాట అడిగింది మా పిన్ని. ఆమె భర్త పింఛను బకాయిల్లోంచి లక్షా నలభై వేలు ఫోన్‌లో ఎవరో బ్యాంకు మనుషులమని చెప్పి లాగేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, ఫిర్యాదు రాయించాను, కొంత డబ్బు మధ్యలో ఆగి వెనక్కి వచ్చింది, ఎక్కువ భాగం రాలేదు. పిన్ని వంటింటి గడప మీద కూర్చుని, ‘ఒరేయ్, నేను ఏ చీరలు చూస్తానో తెలిసి అవే చూపిస్తుంది కదరా ఈ ఫోను, వాడెవడో మాత్రం దానికి తెలియదా?’ అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పిన్నిని గుర్తుపట్టగలిగిన వ్యవస్థ ఆమెను దోచినవాణ్ణి గుర్తుపట్టలేకపోవడంలో ఉన్న అన్యాయం నన్ను వదలదు.

కానీ ఒకటి గమనించాను. పిన్ని చీరల సంగతి ఐపీ వల్ల తెలిసింది కాదు, ఆమె లాగిన్ అయిన ఖాతాల వల్ల తెలిసింది. ఆమె డబ్బులో ఆగినంత భాగం ఆగింది కూడా బ్యాంకు ఖాతాల వరుసను పట్టుకుని వెళ్లడం వల్లే. మోసగాడి దగ్గర ఉన్నది ఎవరి పేరు మీదో తీసుకున్న సిమ్, ఎవరి పేరు మీదో తెరిచిన ఖాతా, అసలు ఐపీని దాచే ఎక్కడిదో వీపీఎన్. శాశ్వత ఐపీ పెడితే వాడు ఇంకొకరి శాశ్వత ఐపీ వెనక దాక్కుంటాడు, అప్పుడు ఆ ఇంకొకరు నిరూపించుకోవలసింది ఇంకా పెరుగుతుంది. చిరునామా ఎంత గట్టిదని మనం నమ్మితే, దాన్ని దొంగిలించినవాడికి అంత లాభం.

అందుకని ఐపీని పనికిరానిదని నేను అనను. అది ఆనవాలు. ఆనవాలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాలి; అక్కడి నుంచి మనిషిని చేరడానికి వేరే సాక్ష్యం కావాలి. 2018లో అమెరికాలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒక సినిమా కాపీ కేసులో ఇదే చెప్పింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో అన్నది ఒక్కటే ఆ మనిషి మీద దావాకు చాలదంది. ఆ కేసులో కనెక్షన్ ఒక సంరక్షణ గృహానిది, అక్కడికి వచ్చిపోయేవారు చాలామంది. మరోవైపు 2016లో యూరప్ న్యాయస్థానం, ఇతర వివరాలతో జతచేసి మనిషిని చేరే చట్టపరమైన వీలున్నప్పుడు మారే ఐపీ కూడా వ్యక్తిగత సమాచారమేనని తీర్పు ఇచ్చింది. పైపైన చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి, నేనూ మొదట అలాగే అనుకున్నాను. నిజానికి రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ఐపీ తనంతట తాను మనిషి కాదు, ఇంకొన్ని జోడిస్తే మనిషి దాకా తీసుకెళ్లగలదు. జోడించే ఆ ఇంకొన్ని ఎవరి చేతిలో ఉన్నాయి, వాళ్లు ఎంత జాగ్రత్తగా జోడిస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న. మా కాలేజీకి సంబంధించినంత వరకు ఆ చేతులు నావి.

ఆ అబ్బాయి తర్వాత ఏడాది చదువు ముగించి వెళ్లిపోయాడు. టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజు వరండాలో ఎదురై ‘నమస్తే సార్’ అన్నాడు. క్షమాపణ అప్పుడే రెండోసారి చెప్పాను. ‘నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు సార్, ఆ నంబరు ఎవరిదో తెలిసిందా అని’ అన్నాడు. తెలియలేదని చెప్పాను.

గత నెలలో మళ్లీ ఒక లేఖ వచ్చింది. ఐపీ, తేదీ, సమయం ఉన్నాయి. వెనక కాగితం తిప్పి చూశాను, అక్కడా ఏ దేశపు సమయమో లేదు, పోర్ట్ లేదు. ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఇలా జవాబు పంపాం: ‘మీరు తెలిపిన చిరునామా మా సంస్థకు కేటాయించినదే. మీరు రాసిన సమయం భారత కాలమానం అయితే ఆ నిమిషంలో దాని వెనక 214 పరికరాలు ఉన్నాయి, యూటీసీ అయితే 388 ఉన్నాయి. పోర్ట్ నంబరు, కాలమానం తెలిపితే లాగ్‌లు చూసి ఏ లాగిన్ అన్నది చెప్పగలం. ఆ లాగిన్‌ను ఆ సమయంలో వాడింది ఎవరన్నది మా లాగ్‌లు చెప్పలేవు. సంబంధిత లాగ్‌లను చెరిగిపోకుండా విడిగా భద్రపరిచాం.’ వారి జవాబు ఇంకా రావలసి ఉంది.